రాయి, కత్తెర, గుడ్డ: ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు రోజులు

ఈ మూడు రోజుల సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆ రెండేళ్ళ గురించి ఎవరు రాసినా జ్వరాలూ మాస్కులూ మూసిన తలుపులే రాస్తున్నారు. అవి రాయాల్సినవే. కానీ అదే రోజుల్లో ఒక కొరియా ముసలమ్మ ఇంట్లో, గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర్నుంచి ఒక మనిషి ఉద్యోగం దాకా అన్నీ చేతివేళ్ళతో తేల్చుకోవడం నేను చూశాను. ఆ ఉద్యోగం నాది. నేను రాయకపోతే ఇది ఎక్కడా ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. ఆ మూడో రోజు నా చెయ్యి ఏం చేసిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. దాన్ని చెప్పకుండా ఈ కథనం ముగించకూడదని మొదటి పేజీలోనే రాసి పెట్టుకుంటున్నాను.

బ్యోబ్లింగెన్ నుంచి

నాది జగిత్యాల. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేశాను. ఆ తర్వాత చదువుకున్నదంతా మా శాఖా గ్రంథాలయంలోనే, మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోయిన గదిలో, అట్టలు ఊడిన పుస్తకాల్లో. పెళ్ళయ్యాక మా ఆయన శ్రీకాంత్ ఉద్యోగం వల్ల జర్మనీలోని బ్యోబ్లింగెన్ వచ్చాం. అక్కడా నేను వెతుక్కున్న మొదటి చోటు లైబ్రరీయే. జర్మన్ క్లాసులకు వెళ్ళలేదు. పిల్లల అరలో బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, నాలుగేళ్ళలో పెద్దల అరకు చేరుకున్నాను. ఇది నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

ఆ ఏడు వసంతకాలంలో అదే లైబ్రరీలో సహాయకురాలి పోస్టు పడింది. లైబ్రరీ నడిపే పెద్దావిడ నన్ను పిలిచి, నీకే ఇవ్వాలని ఉంది, కానీ జర్మన్ భాషలో బీ-వన్ స్థాయి సర్టిఫికెట్ కావాలి, నెలాఖరు లోపల తేవాలి అన్నారు. రాత పరీక్ష అప్పటికే పాసయ్యాను. మాట్లాడే పరీక్ష మిగిలింది. స్టుట్‌గార్ట్‌లో దానికి ఇచ్చిన తేదీ రెండుసార్లు రద్దయింది. చివరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక చిన్న కేంద్రంలో దొరికింది. అది తప్పితే తర్వాతి తేదీ నెల దాటాకే.

ఆ పరీక్షకు ఇద్దరిద్దరు కలిసి కూర్చోవాలి. నా జంటగా ఒక కొరియా అమ్మాయిని వేశారు. ఇద్దరం ఒప్పుకున్నాక కేంద్రం వాళ్ళే ఫోన్ నంబర్లు ఇచ్చారు. అమ్మాయి పేరు మింజీ, ఇరవై నాలుగేళ్ళు. హోటళ్ళు మామూలు ప్రయాణికులకు గదులివ్వని రోజులవి. తను అద్దెకుండే ఇంట్లో ఇంకో గది ఖాళీగా ఉందని, రోజుకు ఇరవై యూరోలని, రెండు రోజుల ముందే వస్తే కలిసి సాధన చేద్దామని మింజీ రాసింది.

వెళ్ళేముందు లైబ్రరీ నుంచి కొరియా జీవితం మీద ఒక పుస్తకం తెచ్చి రెండుసార్లు చదివాను. చెప్పులు బయట విడవాలి, ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి, పెద్దవాళ్ళు స్పూను పట్టాకే మనం పట్టాలి. అన్నీ నోట్సు రాసుకున్నాను. స్టేషన్‌లో మా ఆరేళ్ళ నిత్య నా వాక్యాలు అప్పజెప్పించుకుని, రెండు తప్పులు దిద్ది, "మాస్క్ తీయకు అమ్మా" అని జర్మన్‌లో ఆజ్ఞ వేసింది.

రైల్లో

స్టుట్‌గార్ట్ దాటాక పెట్టెలో పదిమందిమి కూడా లేం. ఎవరో వెనక దగ్గారు. పది తలలూ ఒక్కసారి తిరిగాయి. దగ్గినాయన చేతిలో నీళ్ళ సీసా పైకెత్తి చూపించాడు, పొరపోయిందని. ఎవరూ నవ్వలేదు.

నేను మాస్కు లోపల వాక్యాలు వల్లె వేసుకుంటున్నాను. నడవకు అవతల అల్లుకుంటున్న ఒక పెద్దావిడ తల ఎత్తకుండానే నా తప్పు దిద్దింది. దిద్దిన మాట మళ్ళీ అన్నాను. ఆవిడ సూదులు ఆడిస్తూనే తలూపింది. మాన్‌హైమ్ దాకా అలాగే నడిచింది మా పాఠం. ఆవిడ ముఖం నేను చూడనేలేదు, కళ్ళద్దాలు తప్ప.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి సంచి తెరిస్తే మామిడికాయ పచ్చడి సీసా మూత వదులై నూనె కారింది. అది పరీక్ష హాజరు పత్రం మీదికే పోయింది. నా ఫొటో ఉన్న మూల ఎర్రగా, పారదర్శకంగా తయారైంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కాగితం రుమాళ్ళతో ఒత్తుతూ కూర్చున్నాను. ఉద్యోగం పోతే పచ్చడి వల్లే పోతుందని శ్రీకాంత్‌కు మెసేజ్ పెట్టాను.

ఛోయ్ గారి ఇల్లు

ఇంటి యజమానురాలు ఛోయ్ సున్‌జా గారికి డెబ్బై మూడేళ్ళు. యాభై ఏళ్ళ క్రితం నర్సుగా కొరియా నుంచి వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. అప్పటికే రెండు టీకాలూ పడ్డాయి. అయినా గుమ్మంలోనే నిలబెట్టి నాకు కరోనా లేదన్న ర్యాపిడ్ టెస్ట్ కాగితం చదివాకే లోపలికి రమ్మన్నారు. మింజీ ఆమెను హల్మొని అంటుంది, అంటే అమ్మమ్మ. నన్ను మొదటి గంటలోనే ఒన్ని అనేసింది, అంటే అక్క. మా ముగ్గురికీ ఉమ్మడి భాష జర్మనే. ఇక్కడ అందరి మాటలూ తెలుగులో రాస్తున్నాను.

చెప్పులు విడిచాను, సకినాల పొట్లం రెండు చేతులతో ఇచ్చాను, హల్మొని స్పూను పట్టేదాకా ఆగాను. నా పుస్తకం ఎక్కడా తప్పలేదు. కిటికీ బార్లా తెరిచి, స్వెట్టర్లు వేసుకుని తిన్నాం. సముద్రపు నాచులో చుట్టిన అన్నం, పుల్లటి క్యాబేజీ కిమ్చీ. కిమ్చీ నా పచ్చడికి దగ్గర చుట్టంలా ఉంది, మెంతి ఒక్కటే తక్కువ.

పళ్ళెంలో ఆఖరి ముక్క మిగిలింది. హల్మొని నా వైపు చూసి కావాలా అన్నారు. వద్దండీ అన్నాను. నిజానికి పొద్దుటినుంచి ఏమీ తినలేదు. మా దగ్గర ఒకసారి వద్దంటే ఎవరూ లెక్కచెయ్యరు. ఇంకో రెండుసార్లు బతిమాలి, విస్తట్లో వేసేస్తారు. నేను ఆ రెండోసారి కోసం ఎదురుచూస్తున్నాను. ఇంతలో ఆ ఇద్దరూ పిడికిళ్ళు బిగించి, పైకీ కిందికీ ఊపి, గావీ, బావీ, బో అన్నారు. హల్మొని అరచెయ్యి, మింజీ రెండు వేళ్ళు. మింజీ ఆ ముక్క నోట్లో వేసుకుంది. నా పుస్తకంలో లేనిది అదొక్కటే.

గావీ అంటే కత్తెర, రెండు వేళ్ళు. బావీ అంటే రాయి, పిడికిలి. బో అంటే మనం అనుకునే కాగితం కాదు, గుడ్డ, తెరిచిన అరచెయ్యి. మూట కట్టే గుడ్డ రాయిని చుట్టేస్తుంది, కత్తెర గుడ్డని కోసేస్తుంది, రాయి కత్తెరని విరిచేస్తుంది. ఆ ఇంట్లో స్నానానికి ముందెవరు, చెత్త డబ్బా కిందికి దింపేదెవరు, కిటికీ వేద్దామా వద్దా, అన్నిటికీ ఇదే. ఓడినవాళ్ళు సణగరు. గెలిచినవాళ్ళు అయ్యో పాపం అనరు. అదే నాకు వింతగా ఉంది.

ఆ సాయంత్రం గిన్నెలు నేనే తోమాను, మింజీ కత్తెరకి నా అరచెయ్యి దొరికి. హల్మొని తువ్వాలు అందిస్తూ, నీ చెయ్యి ఎప్పుడూ తెరుచుకునే ఎందుకుంటుంది అని అడిగారు. ఆలోచిస్తే తెలిసింది. చిన్నప్పుడు ఆటకి దొంగను తేల్చాలంటే మేం పంటలు వేసుకునేవాళ్ళం. ముగ్గురు చేతులు కలిపి ఊపి, అరచెయ్యి గాని వెనకచెయ్యి గాని వేస్తారు. ఎవరిది వేరుగా పడితే వాళ్ళు పండినట్టు. పిడికిలి అన్న మాటే లేదందులో. వేసి చూపిస్తే హల్మొనికి సంబరమైంది. కొరియాలోనూ పిల్లలు జట్లు విడిపోవడానికి అచ్చం అలాగే అరచెయ్యీ వెనకచెయ్యీ వేస్తారట.

రెండో రోజు: నది ఒడ్డు

పొద్దున్నే మైన్ నది ఒడ్డున బెంచీ మీద ఇద్దరం చెరో చివర కూర్చుని సాధన మొదలుపెట్టాం. కలిసి ఒక కార్యక్రమం వేసుకోవడమే పరీక్ష. పుట్టినరోజు, పిక్నిక్, ఆఫీసులో ఒకరికి వీడ్కోలు. మింజీ మాటలు చిన్నవి, సూటివి. నావి పుస్తకాల్లో మాటలు, పొడుగ్గా పోతాయి. రెండూ కలిస్తే బాగానే ఉందనిపించింది. మధ్యాహ్నానికి ఒకరి వాక్యం ఒకరు అందుకునే స్థితికి వచ్చాం.

మింజీకి ఈ సర్టిఫికెట్ నాకంటే తక్కువ అవసరమేమీ కాదు. ఒక మిఠాయి దుకాణంలో కేకులు చేసే పని మూడేళ్ళపాటు నేర్చుకోవడానికి చోటు దొరికింది. వాళ్ళు పెట్టిన గడువూ నెలాఖరే.

తిరిగొస్తూ కొరియా కొట్టు ముందు వరుసలో నిలబడ్డాం. లోపలికి ఒకసారి నలుగురే. కిమ్చీ సీసా ఆరు యూరోలని చూసి నేను గుండె పట్టుకున్నాను. మా ముందు ఇద్దరు సూట్లు వేసుకున్న నడివయసు కొరియా మగవాళ్ళు, బ్యాంకు ఉద్యోగుల్లా ఉన్నారు. లోపల ఒక్క మనిషికే చోటు ఖాళీ అయింది. ఇద్దరూ బ్యాగులు ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి ఊపారు. ఓడినాయన తల వంచి పక్కకి జరిగి ఫోన్ చూసుకున్నాడు. మా వాళ్ళయితే ముందు మీరంటే మీరని తలుపు దగ్గరే నిలబడి, వెనకవాళ్ళ చేత తిట్లు తినేవాళ్ళు.

మీ ఊళ్ళో అందరూ ఇంతేనా అని మింజీని అడిగాను. ఆఫీసులో కాఫీలు తెచ్చేదెవరు, ఆ కాఫీ డబ్బులిచ్చేదెవరు, బడిలో కిటికీ పక్క సీటెవరిది, కాపురంలో పిల్లాడి డైపరు మార్చేదెవరు, అన్నీ ఇంతేనట. పెద్ద విషయాలకు కూడానా అంటే, హల్మొనిని అడుగు అంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను. హల్మొని చెప్పారు. వాళ్ళు ఇరవై దాటిన వయసులో వచ్చినప్పుడు, ఆమెకూ ఆమె స్నేహితురాలు యంగ్‌హీకీ ఎదురుగా రెండు ఉద్యోగాలు. ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో, రెండోది కొండల మధ్య మంచు ఊళ్ళో, కొరియా మనిషి ఇంకొకరు లేని చోట. ఇద్దరికీ ఫ్రాంక్‌ఫర్టే కావాలి. ఆఫీసు మెట్ల మీద గావీ, బావీ, బో వేశారు. హల్మొని గుడ్డ, యంగ్‌హీ రాయి.

"ఆమె ఏమంది?" అన్నాను.

"ఏమంటుంది, సూట్‌కేసు తీసుకుని బస్సెక్కింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. నువ్వు ఆలస్యంగా వేశావే అంటుంది. యాభై ఏళ్ళనుంచి అదే మాట."

ఎదుటివాళ్ళ చెయ్యి చూసి అరక్షణం ఆగి వెయ్యడం ఆ ఆటలో ఒకే ఒక్క మోసమట. నిజంగా ఆలస్యంగా వేశారా అని అడగాలనిపించింది. అడగలేదు.

మూడో రోజు: ఉదయం

పరీక్షకు వెళ్ళేరోజు కొరియా వాళ్ళు నాచు పులుసు తాగరు. జారుడుగా ఉంటుంది, పరీక్షలోనూ జారిపోతామని. బియ్యప్పిండి జిగురు ముద్దలు తింటారు, పట్టు దొరకాలని. హల్మొని మా ఇద్దరికీ చెరో ముద్ద పెట్టారు. నాకు మటుకు పెరుగూ చక్కెరా నోట్లో పడందే గడప దాటడం అలవాటు లేదు. కప్పు పెరుగులో చక్కెర కలుపుకుంటే, మింజీ అదీ ఒక స్పూను అడిగి తింది.

ఎనిమిది కాకముందే మింజీ ఫోన్ మోగింది. పరీక్ష కేంద్రం. ఆమె స్పీకరు పెట్టింది. ముందురోజు సాయంత్రం నిబంధనలు మారాయట, గదిలో మనుషులు తగ్గాలట, ఆఖరి జంటను, అంటే మమ్మల్ని, రద్దు చేశారట. అయితే తొమ్మిదిన్నర జంటలో ఒకరు క్వారంటైన్‌లో పడ్డారు. ఆ ఒక్క చోటు మాలో ఒకరికి ఇవ్వగలం, పది నిమిషాల్లో చెప్పండి, లేకపోతే జాబితాలో తర్వాతి వాళ్ళను పిలుస్తాం అంది అవతలి గొంతు. మర్యాదగానే అంది.

ఫోన్ టేబుల్ మీద ఉంది. నా కాగితం దాని పక్కనే, ఎర్ర నూనె మరకతో. రెండు రోజులు ఒకరి వాక్యం ఒకరు అందుకున్నాం. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒక కుర్చీ.

"నువ్వు వెళ్ళు మింజీ," అన్నాను.

నేను అనలేదు, నా నోరు అంది. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. కాదక్కా మీరే వెళ్ళండి అంటుందని, అప్పుడు నేను ఇంకోసారి కాదంటానని, ఆ తర్వాత ఏదో ఒకటి తేలుతుందని లోపల లెక్క. మింజీ నన్ను ఒక్క క్షణం చూసింది. లేచి, రెండు చేతులూ ముందు పెట్టుకుని, నడుము దాకా వంగి, థాంక్యూ ఒన్ని అంది. కోటు తీసుకోవడానికి గదిలోకి వెళ్ళింది.

నా మెడ వెనక చెమట పట్టింది. లైబ్రరీ పెద్దావిడ ముఖం, నిత్య ముఖం, జగిత్యాల గదిలో ఆగిపోయిన ఫ్యాను, అన్నీ గుర్తొచ్చాయి. 

హల్మొని స్పూను కింద పెట్టారు. "మింజీ, ఇటు రా. కోటు అక్కడ పెట్టు." తర్వాత నావైపు తిరిగి, "ఆఖరి ముక్క రోజు కూడా నువ్వు వద్దనే అన్నావు. తర్వాత వంటింట్లో నిలబడి రొట్టె తిన్నావు, నేను చూశాను. నీకు ఆ చోటు కావాలా వద్దా?"

నేను తల దించుకున్నాను.

"మాటతో చెప్పు."

"కావాలి."

"ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ వదిలెయ్యరు. చేతులు చాపండి. మూడింటికి రెండు గెలిచినవాళ్ళు వెళ్తారు."

మింజీ కోటు కుర్చీ మీద వేసి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. పట్టుదల ఉంది, పెదాలు బిగించింది. గోడ గడియారం ముల్లు చప్పుడు వినపడుతోంది. నాలుగు నిమిషాలు అయిపోయాయి.

మొదటిసారి: గావీ, బావీ, బో. నాది అరచెయ్యి. ఆమెది కత్తెర. రెండు రోజులుగా జరుగుతున్నదే.

రెండోసారి: నేను ఈసారి రాయి వేస్తానని ఆమె అనుకున్నట్టుంది, గుడ్డ వేసింది. నా చేతిలో రెండు వేళ్ళే తెరుచుకున్నాయి, కత్తెర. ఎలా వేశానో తెలీదు. సమానం.

హల్మొని ఇద్దరి మణికట్లూ పట్టుకుని వెనక్కి జరిపి, చేతులు సరిగ్గా ఎదురెదురుగా పెట్టారు. నర్సు చేతులు, చల్లగా, గట్టిగా ఉన్నాయి.

మూడోసారి: గావీ, బావీ, బో. ఆమెది కత్తెర. నాది పిడికిలి.

మింజీ తన రెండు వేళ్ళనూ కాసేపు చూసుకుంది. తర్వాత కేంద్రానికి ఫోన్ చేసి నా పేరు చెప్పి, టేబుల్ మీద నా కాగితం తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు చేతులతో నాకిచ్చింది. "మెట్రో ఎనిమిది పదహారుకి, ఒన్ని. పరిగెత్తు."

నేను సారీ చెప్పబోతే హల్మొని చెయ్యి అడ్డం పెట్టారు. ఆ ఇంట్లో గెలిచినవాళ్ళు ఆ మాట అనకూడదు.

పరీక్ష గది

గుమ్మంలో టెస్ట్ చేసి పావుగంట నిలబెట్టారు. నా కాగితం తీసుకున్నావిడ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, వాసన చూసి, ఏమీ అనకుండా ముద్ర వేసింది.

నాతో కూర్చోవాల్సిన జంట ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదివే కుర్రాడు. పేరు ప్రణీత్, వరంగల్ వాడు. నడవలో నా పేరు చూడగానే, "అక్కా, మనోళ్ళేనా!" అన్నాడు. భయం సగం తగ్గింది. అది తప్పని పది నిమిషాల్లో తెలిసింది.

అద్దపు తెరల అవతల ఇద్దరు పరీక్షకులు. వీడ్కోలు విందు వేసుకోండి, ఎవరో ఒకరు మొదలుపెట్టండి అని గడియారం నొక్కారు.

ప్రణీత్ జర్మన్‌లో, "మీరు మొదలుపెట్టండి" అన్నాడు.

"లేదు, మీరే," అన్నాను.

"పెద్దవాళ్ళు, మీరే."

పరీక్షకురాలు పెన్ను ఎత్తి ఏదో రాసుకుంది. నాకు పొద్దుటి చెమటే మళ్ళీ పట్టింది. మొహమాటానికి ఒకసారి ఉద్యోగం పోబోయింది, ఇప్పుడు అదే రోజు రెండోసారి. ఇంకో మాట అనకుండా తెర ఇవతలే పిడికిలి చాపి ఊపాను. కుర్రాడికి అర్థమైంది, నవ్వు ఆపుకుంటూ తనూ చాపాడు.

అతను ఏం వేస్తాడో నాకు ముందే తెలుసు. వరంగల్‌లోనూ పంటలే వేసుకుంటారు. అతని అరచెయ్యి తెరుచుకుంది. నేను కత్తెర వేసి, ఊపిరి తీసుకుని, విందుకి హాలు ఎక్కడ తీసుకుందామనుకుంటున్నావు అని జర్మన్‌లో మొదలుపెట్టాను.

పాసయ్యాం, ఇద్దరం. లైబ్రరీలో ఇప్పుడు పుస్తకాలు అరల్లో సర్దేది నేనే. మింజీకి తర్వాతి పరీక్ష ఐదు వారాలకు దొరికింది. మిఠాయి దుకాణం ఆగలేదు, ఇంకొకరిని తీసుకుంది. ఆమె ఇంకో ఊళ్ళో, ఇంకో దుకాణంలో, ఆరు నెలలు ఆలస్యంగా చేరింది.

చెప్పాల్సిన ధన్యవాదాలు

రైల్లో నా తప్పులు దిద్దిన పెద్దావిడకు, పేరు అడగనందుకు క్షమాపణతో. నన్ను పంపి మూడు రోజులు నిత్యకు జడలు వేసిన శ్రీకాంత్‌కు. స్టేషన్‌లో అప్పజెప్పించుకున్న నిత్యకు. అరచెయ్యి వేసిన ప్రణీత్‌కు. స్పూను కింద పెట్టిన ఛోయ్ సున్‌జా గారికి. నేను చూడని యంగ్‌హీ గారికి కూడా.

చివరగా మింజీకి. ఇప్పుడు ఆమె కూడా ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. పిండి అంటిన చేత్తో ఫోన్ పట్టుకుని, మొదట అనే మాట, "నువ్వు ఆలస్యంగా వేశావు, ఒన్ని." ఇద్దరం నవ్వుతాం. నేను ప్రతిసారీ, లేదు, వెయ్యలేదు అంటాను. ఆమె దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో నాకు తెలీదు.

మింజీ, ఆ రోజు మూడోసారి నేను అరచెయ్యి వెయ్యాలనే అనుకున్నాను. ఎప్పటిలాగే. అందరి చేతులూ పిడికిలితోనే మొదలవుతాయి కదా. భయానికి నా వేళ్ళు తెరుచుకోలేదు, అక్కడే ఆగిపోయాయి. మీరిద్దరూ దాన్ని రాయి అన్నారు. నేను కాదనలేదు. నేను ఆలస్యంగా వెయ్యలేదు, ఆ రోజు అసలు వెయ్యనేలేదు.